కాసబాగు దిబ్బ ఎవరు పోసిన్రు

గద్వాల,
జూన్ 2023

వనపర్తిల చారిత్రక తోటల సంరక్షణ ఆఫీసు పెద్ద సారుకు, గద్వాల మగ్గాల వీధి నుంచి రేణుకమ్మ నమస్కారం పెట్టి రాసేది.

సారూ, మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకాయన ఎత్తి "రాతపూర్వకంగా పంపమ్మా" అని పెట్టేసిండు. మల్ల చేస్తే గదే మాట. ఇంకోపారి చేస్తే "మీరేనా?" అన్నడు. గందుకని రాస్తున్న.

మా ఇంటెనక కాసబాగు తోట ఉంది. ఎప్పుడో సంస్థానం దొరలు షికారు తిరిగిన తోటంట. ఇప్పుడు మీ ఆఫీసుదని గేటు మీద బోర్డు ఉంది. ఆ తోట నడిమిట్ల ఒక మన్ను దిబ్బ ఉంది, మా ఇంటికంటె ఎత్తు. దేవుడు పెట్టిన గుట్ట కాదది, మనుషులు పోసిందే. సుట్టూ నేలంత సాపుగ ఉంటె అదొక్కటే బొప్పి కట్టినట్టు లేసి ఉంది. ఎవరు పోసిన్రో ఎందుకు పోసిన్రో ఈ వీధిల ఎవరికి తెల్వదు. మేకలు తప్ప దాన్ని ఎవరు ఎక్కరు.

నిరుడు తోట గోడ కూలింది. గప్పటి నుంచి దిబ్బ మీద పడ్డ వాననీళ్లు సక్కగ మా దిక్కే వస్తున్నయి. మొన్నటి వానకు గుంట నిండింది. కోటకొమ్మ సగం తడిసి పాడైంది. మా ఆయన కాళ్లు నాని ఉబ్బినయి. ఇంకొక్కపారి నీళ్లొస్తే గుంట పూడ్సేసి హైదరాబాద్ పోయి అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ పని చేస్త అంటుండు. తాతల కాడి నుంచి వస్తున్న గుంట సారూ అది. అది పూడిస్తే మాకు ఇగ ఏం మిగలదు. నాకు శాన బుగులైతుంది.

జర ఆ దిబ్బ తీసేయించుండ్రి. ఒట్టి మన్నే.

ఇట్లు,
రేణుకమ్మ

తా.క. మన్ను ఊరికెనే ఇస్తమంటె ఇండ్లు కట్టుకునేటోల్లు ట్రాక్టర్లు తెచ్చుకోని తీస్కపోతరు. మీరు ఊ అనుండ్రి సాలు, పొద్దుమీకె వరకు చరిత్ర ఉండదు.

*

వనపర్తి,
జూలై 2023

శ్రీమతి రేణుకమ్మ గారికి,

విషయం: కాసబాగు నందలి కృత్రిమ మట్టిదిబ్బ – తొలగింపు కోరిక – సమాధానం.

మీ ఉత్తరం అందింది. మీరు "ఒట్టి మన్ను" అని పేర్కొన్న దిబ్బ మా రికార్డుల్లో "మానవ నిర్మితం, మూలం అనిశ్చితం" అని నమోదై ఉంది. మూలం విషయంలో అభిప్రాయభేదాలున్నాయి. దొరలు ఏనుగు ఎక్కడానికి వేయించిన మెట్ట అని కొందరు. తుపాకీ గురి నేర్చుకునేటప్పుడు తూటాలు ఊరి మీదికి పోకుండా అడ్డంగా పోసిన చాందుమారి దిబ్బ అని కొందరు. రాణులు కృష్ణానదిని చూడడానికి పోయించుకున్న ఎత్తు అని మరికొందరు. దిబ్బ మీది నుంచి కృష్ణ కనబడదు కాబట్టి చివరి అభిప్రాయం బలహీనమైనది. అయితే అప్పట్లో కనబడేదేమో తెలియదు కాబట్టి దాన్ని కొట్టివేయలేదు. మూలం తేలేవరకు దిబ్బ నుంచి దోసెడు మట్టి కూడా తీయడానికి వీల్లేదు.

పోతే, మీ ఉత్తరంలో రెండు సంగతులు మా దృష్టికి వచ్చాయి. తాతల కాలం నుంచి మీకు గుంట భూమి ఉన్నట్లు రాశారు. తోట హద్దుల్లో ప్రైవేటు వ్యక్తులకు అర గుంట కూడా లేదు. పాసుపుస్తకం నకలు పంపండి. లేని పక్షంలో ఆక్రమణగా భావించాల్సి వస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది కోటకొమ్మ. కాసబాగులో కోటగోడ గాని, దాని మీది కొమ్మలు గాని ఉన్నట్లు ఇంతవరకు ఎవరికీ తెలియదు. మీరు చూసిన కోటకొమ్మ ఎత్తెంత, రంగేమిటి, ఏ దిక్కున ఉంది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, వెంటనే తెలపండి. దాన్ని కదిలించకండి.

భవదీయుడు,
వి. శేషగిరి
సహాయ సంరక్షణాధికారి

తా.క. దిబ్బపైకి మేకలు ఎక్కుతున్నట్లు రాశారు. ఇది నిబంధనలకు విరుద్ధం. మేకల విషయమై విడిగా ఒక ఉత్తరం మీ చిరునామాకే పంపుతున్నాం.

*

గద్వాల,
జూలై 2023

శేషగిరి సారుకు రేణుకమ్మ నమస్కారాలు. మేము బాగున్నం, మీరు బాగున్నరని తలుస్త.

సారూ, మీ ఉత్తరం చదివి మా ఆయన మంచానికి అడ్డం పడ్డడు. గుంటంటె భూమి గుంట కాదు సారూ! మగ్గం గుంట. ఇంట్ల నేల నడుములోతు తవ్వుకోని, అండ్ల కాళ్లు పెట్టి కూసుండి, కింద పలకలు తొక్కుకుంట పని చేస్తం. మాకున్న భూమంత గంతే. దానికి పాసుబుక్కు ఎవరిస్తరు? ఇచ్చేటట్టుంటె మీరే ఇప్పియ్యుండ్రి, ఫ్రేమ్ కట్టించి పెట్టుకుంటం.

కోటకొమ్మ గురించి అడిగినందుకు మాత్రం మస్తు సంతోషమైంది. గింత ఇవరంగ అడిగిన్రంటె మీ ఇంట్ల మేడంకే అనుకుంట. ఎత్తు జానెడు. రెండు దిక్కుల ఉంటది. బంగారు రంగు, ఎండల పెడితె కండ్లు జిగేల్మంటయి. తడిసిందాన్ని మా ఆయన పదిలంగ ఆరబెట్టిండు. మంచిగున్నది మొన్ననే హైదరాబాద్ సావుకారు తీస్కపోయిండు. ఆయన మా తాన గిట్లాంటివి శాన తీస్కపోయిండు, దుబాయ్ దాక పంపుతడు. కదిలించొద్దంటిరి గాని, కదిలించకుంటె మాకు తిండెట్ల? మీకు కావాలంటె సావుకారుకు తెల్వకుంట ఒకటి తీసిపెడ్త. మీరు ఊకెనే పరేషాన్ కావొద్దు.

ఇగ దిబ్బ సంగతి. మా అత్త కాంతమ్మను అడిగిన. అది చాందుమారమ్మ దిబ్బ అంటది. ఏటా ఆడోల్లు బోనం పెడ్తరు. తుపాకుల కోసం పోసిన్రంట అని చెప్తె, "అమ్మోరికి తుపాకెందుకే?" అని నన్నే తిట్టింది. ఏనుగు మాట చెప్పలే. చెప్తె మల్ల ఆ ఏనుగుకు కూడ బోనం పెట్టమంటది.

జర ఆ నీళ్ల సంగతి చూడుండ్రి సారూ. మీరు అన్ని అడిగిన్రు గాని నీళ్ల గురించి ఒక్క మాట రాయలే.

ఇట్లు,
రేణుకమ్మ

తా.క. మేకలకు రాసిన ఉత్తరం అందింది. చదవకుంటనే నమిలినయి.

*

వనపర్తి,
ఆగస్టు 2023

శ్రీమతి రేణుకమ్మ గారికి,

విషయం: అక్రమ తవ్వకం, పురావస్తువుల తరలింపు – సంజాయిషీ కోరుట.

మీరు స్వహస్తాలతో రాసిన ఉత్తరాన్ని బట్టి ఈ కింది సంగతులు స్పష్టమవుతున్నాయి. చారిత్రక స్థలానికి ఆనుకొని ఉన్న మీ ఇంట్లో నడుములోతు తవ్వకం జరిగింది. అందులో జానెడు ఎత్తున్న, బంగారు పూత గల కోటకొమ్మలు రెండు దిక్కులా బయటపడ్డాయి. వాటిని మీ భర్త శ్రీ ఆశన్న ఎండలో ఆరబెట్టారు. మంచి స్థితిలో ఉన్నవాటిని హైదరాబాదుకు చెందిన ఒక సావుకారుకు అప్పగించారు. అవి దుబాయ్ చేరుతున్నాయి. ఇది చాలాకాలంగా సాగుతోంది.

పైగా ఒకటి నాకు గుట్టుగా తీసిపెడతానన్నారు. నా ఉద్యోగ జీవితంలో ఇలాంటి మాట రాసి, కింద సంతకం పెట్టి, రిజిస్టర్ పోస్టులో పంపినవారు మీరొక్కరే.

ఈ ఉత్తరం అందిన వెంటనే సంజాయిషీ ఇవ్వండి. విచారణ కోసం పోలీసు శాఖకు కూడా తెలియజేశాం.

చాందుమారమ్మ అనే రాణి పేరు ఇంతవరకు ఏ చరిత్రలోనూ లేదు. ఆ సమాచారానికి ధన్యవాదాలు. దిబ్బ ఆమె సమాధి కావచ్చుననే అభిప్రాయాన్ని కొత్తగా ఫైలులో చేర్చాం.

భవదీయుడు,
వి. శేషగిరి

తా.క. మా ఇంట్లో ఆవిడకు కోటకొమ్మ అవసరం లేదు. మాది రెండు గదుల అద్దె ఇల్లు.

*

గద్వాల,
ఆగస్టు 2023

శేషగిరి సారుకు,

నమస్కారం రాయబుద్ధి కాలే గాని రాస్తున్న.

పోయిన వారం పోలీసాయన వచ్చిండు. వీధంత మా గడప ముందలే. ఇల్లంత తిరిగి "కోటేడుంది?" అన్నడు. మగ్గం మీద చూపించిన. శానసేపు చూసి, టోపీ తీసి, "మా అక్కకు ఆకుపచ్చది దొరుకుతదా?" అని అడిగి పోయిండు.

సారూ, కోటకొమ్మంటె చీర అంచు! కోటగోడ మీది కొమ్మల లెక్క వరసగ నేస్తం గనక దానికి ఆ పేరు. గద్వాల చీరకు గదే అందం. గద్వాలకు ఇరవై కోసుల దూరం ఉండరు, గది తెల్వదా మీకు? సావుకారు తీస్కపోయింది చీరలు. దుబాయ్ పోయింది చీరలు. మీకు తీసిపెడ్తన్నది చీర. మీరు నమ్మరని అంచు ముక్కొకటి ఈ కాయితానికి పిన్ను గుచ్చి పంపుతున్న. ఎత్తు కొలుసుకోండ్రి.

మీకు ఇది కాయితాల ఆట. నాకు కాదు. పోలీసాయన పోయినంక మా ఆయన అన్నం ముట్టలే. దొంగ అనిపించుకునే కాడికి వచ్చినమా అని గోడకు మొఖం పెట్టి పండుకున్నడు. నాకు గుండె కోసినట్టయింది. తెల్లారి మల్ల వానొచ్చింది. గుంటల పిక్కలదాక నీళ్లు. ఇద్దరం కలిసి చెంబులతోని ఎత్తిపోసినం. అయినంక ఆయన బయటికి పోయి గంపెడు మన్ను తెచ్చి గుంట పక్కన పెట్టిండు. ఆ గంప గట్లనే ఉంది. పొద్దుగాల లేస్తనే అది నిండుగుందా ఖాళీగుందా అని చూసుకుంటున్న.

మా అత్త మాత్రం మస్తు ఖుషీగుంది. అమ్మోరు రాణి కూడ అని సర్కారే రాసిందని వీధంత చెప్పొచ్చింది. పోయిన శుక్రారం దిబ్బ కాడ నిలబడనీకి జాగ లేదు.

ఇట్లు,
దొంగ కాని రేణుకమ్మ

తా.క. అంచు ముక్క వాపస్ పంపుండ్రి. అది సావుకారుకు నమూనా చూపిచ్చే ముక్క.

*

వనపర్తి,
సెప్టెంబరు 2023

రేణుకమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఇంటికి తీసుకుపోయి చదివాను. పక్కన కూర్చున్న మా ఆవిడ అంచు ముక్క చూసి మొత్తం సంగతి చెప్పించుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మన పెళ్లినాడు నేను కట్టుకున్న చీర అంచు ఇదే కదండీ, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదా?" అంది. దానికి నా దగ్గర సంజాయిషీ లేదు.

మీ ఇంటికి పోలీసు రావడం నా వల్లే. సిగ్గుగా ఉంది. క్షమించమని అడుగుతున్నాను. మీ వారికి కూడా చెప్పండి. కేసు లేదని స్టేషనుకు రాసేశాను.

అయితే ఒక చిక్కుంది. బంగారు కోటకొమ్మ అన్న మాట పై అధికారుల దాకా వెళ్లింది. దిబ్బ తూర్పు అంచున ప్రయోగాత్మక తవ్వకం జరపాలని ఉత్తర్వు వచ్చేసింది. అది చీర అంచు అని విన్నవించుకున్నాను. "చీర అంచు అయినంత మాత్రాన కింద కోట లేదని రుజువు కాదు" అని జవాబొచ్చింది. కాబట్టి తవ్వకం జరుగుతుంది. తవ్విన మట్టిని తోటలో పోస్తే చారిత్రక రూపురేఖలు మారిపోతాయి గనక, గోడ కూలిన చోట, అంటే మీ ఇంటి వెనక, తాత్కాలికంగా పోస్తారు. కాస్త ఓర్చుకోండి.

మీ నీళ్ల సంగతి ఫైలులో ఎర్ర సిరాతో రాశాను. ఇంతకుముందు రాయనందుకు బాధగా ఉంది.

మీ
శేషగిరి

తా.క. అంచు ముక్క తిరిగి పంపలేకపోతున్నాను. నేను సెలవులో ఉన్న రోజు మా గుమాస్తా దాన్ని సంచిలో పెట్టి చీటీ అంటించాడు: "వస్తువు ఒకటి. కోటకొమ్మ అవశేషం. కాలం అనిశ్చితం."

*

గద్వాల,
నవంబరు 2023

శేషగిరి సారుకు రేణుకమ్మ నమస్కారాలు.

మీ క్షమాపణ మా ఆయనకు చదివి వినిపించిన. రెండుపార్లు చదివిచ్చుకున్నడు. ఆ పూట అన్నం మంచిగ తిన్నడు. గంప మాత్రం తీయలే.

మీ తవ్వకం అయిపోయింది. ధరూర్ దిక్కు నుంచి యేసుబాబు మేస్త్రీ గుంపు వచ్చింది. మీ ఆఫీసాయన కుర్చేసుకోని గొడుగు కింద కూసున్నడు. మన్ను వచ్చింది. దాని కింద ఇంకింత మన్ను వచ్చింది. గోళీసోడ సీసా వస్తే అందరు చప్పట్లు కొట్టిన్రు. మేక పుర్రె వస్తే ఫోటో తీసిన్రు. యేసుబాబు మేస్త్రీ చెమట తుడుసుకుంట, "అక్కా, ఈ ఆఫీసోల్లకు మన్నంటె మస్తు ఇజ్జత్ ఉన్నట్టుంది" అన్నడు. చివరికి ఒక ఎడమకాలి రబ్బరు చెప్పు దొరికింది. గంతే. కోట లేదు, రాణి లేదు, ఏనుగు ఎక్కిన ఆనవాలు లేదు.

గాని సారూ, తవ్విన మన్నంత నా ఇంటెనక పోసి పొయిన్రు! గోడ కూలిన పొడుగునా, నా ఎత్తున కుప్ప. మల్ల తవ్విన గుంత మూసేటందుకు తీస్కపోతరనుకున్న. "వాపస్ పోయమని ఉత్తర్వుల లేదు" అని కుర్చీ మడతపెట్టుకోని పోయిండు మీ ఆఫీసాయన. ఒక దిబ్బ తీయమని నేను ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తె, మీరు ఇంకో దిబ్బ పెట్టి పోతిరి. మంచిగుంది మీ ఇన్సాఫ్! వెనక తలుపు తీస్తె మన్ను మొఖం చూస్తున్న. వానకాలం వస్తే ఇదంత బురదై ఇంట్లకొస్తదని నాకు ఇప్పటి నుంచే నిద్ర పడ్తలేదు. గంత పెద్ద దిబ్బ మీతోని కాదు, కనీసం ఈ చిన్న దిబ్బన్న తీయించుండ్రి.

ఇట్లు,
రెండు దిబ్బల నడుమ రేణుకమ్మ

తా.క. ఆ ఎడమ చెప్పు మా అత్తది. కొత్తగ కాపురానికొచ్చినప్పుడు తోటల మల్లెపూలు తెంపుతుంటె మాలి తరిమిండంట, దిబ్బెక్కి దిగి ఉరికితె ఊడిందంట. కుడిది ఇప్పటిదాక దూలం మీద దాచుకుంది. ఎడమది ఇప్పియ్యమని నా పానం తీస్తుంది.

*

వనపర్తి,
డిసెంబరు 2023

రేణుకమ్మ గారికి నమస్కారాలు.

తవ్వకం నివేదిక వచ్చింది. దిబ్బ మట్టితో చేయబడిందని నిర్ధారణ అయింది. మూలం ఎప్పటిలాగే అనిశ్చితం.

కుప్ప తీయించమని మూడుచోట్లకు రాశాను. తవ్వడానికి నిధులు వేరు, తీయడానికి వేరు అన్నారు. ఈలోగా నాకు నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. బంగారం దొరకనందుకు ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్లాలి కదా.

మీ గుంట విషయంలో నాకు దిగులుగా ఉంది. ఇది ఆఫీసు మాట కాదు, నా మాట. వచ్చే వానాకాలం ఏమైందో నాగర్‌కర్నూల్‌కు ఒక ముక్క రాయండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, అక్కడ నాకు ఉత్తరాలు రాసేవాళ్లెవరూ ఉండరు.

మీ
శేషగిరి

తా.క. చెప్పు "వస్తువు నాలుగు"గా నమోదైంది. మీ అత్తగారు తనదని నిరూపించుకోవాలంటే కుడిచెప్పును పరిశీలనకు సమర్పించాలి. నా మాట విని సమర్పించకండి. అప్పుడు రెండూ ఉండవు.

*

గద్వాల,
జూలై 2024

నాగర్‌కర్నూల్‌ల ఉన్న శేషగిరన్నకు, వదినకు, చెల్లె రేణుకమ్మ నమస్కారాలు.

ఇగ సారు అనబుద్ధైత లేదు. ఏమనుకోవద్దు.

మొన్న పెద్ద వాన పడ్డది అన్నా. గట్ల పడంగ నేనెప్పుడు చూడలే. నేను, మా ఆయన, మా అత్త వెనక తలుపు కాడ నిలబడి చూస్తున్నం. మా ఆయన చేతుల గంప పట్టుకునే నిలబడ్డడు. పెద్ద దిబ్బ మీది నుంచి ఎర్రగ నీళ్లు ఉరికొచ్చినయి. వచ్చి, మీ ఆఫీసోల్లు పోసి పోయిన చిన్న దిబ్బకు కొట్టుకున్నయి. కొట్టుకోని పక్కకు మళ్లి, దాని అంచు పట్టుకోనే పోయి రోడ్డు మోరిల పడ్డయి. ఒక్క సుక్క ఇటు రాలే.

నేను లోపలికి ఉరికి గుంటల కాలు పెట్టి చూసిన. పొడిగుంది. నాకు ఏడుపొచ్చింది అన్నా. గుంటల్నే కూసోని ఏడ్చిన. మా ఆయన గంపల మన్ను తీస్కపోయి ఆ చిన్న దిబ్బ మీదనే పోసొచ్చిండు. వచ్చి మగ్గమెక్కిండు. ఆ గంపల ఇప్పుడు కోడి పొదుగుతుంది.

కుప్ప తీయమని నేనెంత మొత్తుకున్ననో యాదికొస్తె నవ్వొస్తది. మీతోని పని కానందుకే నా ఇల్లు నిలిచింది. పెద్ద దిబ్బ కూడ గిట్లనే ఏర్పడ్డదేమో అన్నా. ఎవరో ఎవరికో ఉత్తరాలు రాసి పరేషాన్ చేసుంటరు.

చిన్న దిబ్బ గురించి మీరు ఎవరికన్న రాసి ఉంటె, ఇగ రాయకుండ్రి. దాని పేరే ఎత్తకుండ్రి.

ఇట్లు,
మీ చెల్లె రేణుకమ్మ

తా.క. వదినకు గంధం రంగు చీర మగ్గం మీదుంది. కోటకొమ్మ అంచే. ఈసారన్న మీరు కండ్లు పెట్టి చూడుండ్రి.

*

వనపర్తి,
ఆగస్టు 2024

శ్రీమతి రేణుకమ్మ గారికి,

విషయం: కాసబాగు దిబ్బ తొలగింపు – మీ కోరిక మన్నించుట.

నేను ఈ కార్యాలయంలో కొత్తగా చేరాను. పాత ఫైలు శ్రీ శేషగిరి గారి సామానుతో నాగర్‌కర్నూల్ వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. అయినా, దిబ్బ వల్ల మీరు పడుతున్న ఇబ్బంది గురించి మీరు పంపిన మొదటి ఉత్తరం మా దగ్గర ఉంది. ఒక పేద నేతకారుల కుటుంబం మొర ఇంతకాలం ఎవరూ వినకపోవడం నన్ను చాలా బాధించింది.

నేను స్వయంగా వచ్చి తోటలోంచి చూశాను. పెద్ద దిబ్బను తొలగించే అధికారం నాకు లేదు. అయితే మీ ఇంటి వెనకనే మరో చిన్న దిబ్బ ఉంది. ఇది మా రికార్డుల్లో ఎక్కడా లేదు. కనుక దీన్ని వెంటనే తొలగించి మీకు న్యాయం చేయదలిచాను. సోమవారం జేసీబీ వస్తుంది. ఈ చిన్న దిబ్బ ఎవరు, ఎప్పుడు పోసిందో మీకేమైనా తెలిస్తే ఆలోపు రాయగలరు.

భవదీయురాలు,
నిరోష
సహాయ సంరక్షణాధికారి

తా.క. ధన్యవాదాలు చెప్పాల్సిన అవసరం లేదు. ఇది నా బాధ్యత.

*

గద్వాల,
ఆగస్టు 2024

నిరోష మేడంకు మగ్గాల వీధి రేణుకమ్మ రెండు చేతులెత్తి మొక్కి రాసేది.

మేడం, మీ మనసు మంచిది. గాని జేసీబీని పంపకుండ్రి. ఈ ఉత్తరం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్న, సోమారం లోపల మీకు అందాలని.

ఆ చిన్న దిబ్బ శాన పాతది. ఎంత పాతదంటె మా అత్త కాంతమ్మ ఇక్కడికి కోడలుగ వచ్చిననాడే దాన్ని "పాత దిబ్బ" అంటుండ్రంట. పెద్ద దిబ్బ చాందుమారమ్మ రాణిది, ఆ సంగతి మీ ఆఫీసే రాసిచ్చింది, కాయితం నా తాన ఉంది. చిన్నది రాణి చెల్లెది. అక్కను విడిచి ఉండలేక పక్కనే పడుకుందంట. మొన్న శుక్రారం నుంచి దానికి కూడ బోనం మొదలైంది. కొందరు మాత్రం అది చిన్న ఏనుగు ఎక్కనీకి పోసిందంటరు. నేను కొట్టిపారేస్త లేను.

మూలం తేలేదాక దోసెడు మన్ను కూడ తీయొద్దని మీ ఆఫీసు కాయిదా. అది కూడ నా తాన కాయితం మీద ఉంది, ముద్రతోని. మీరు నకలు కావాలంటె పంపుత. గాని మూలం తేల్సుకుందామని మల్ల తవ్వకుండ్రి మేడం, జర మీ కాళ్లు పట్టుకుంట. తవ్విన మన్ను పోయనీకి ఇగ మా వీధిల జాగ లేదు.

ఎవరు పోసిన్రో నాకు తెల్వదు. ఎందుకు పోసిన్రో అస్సలు తెల్వదు. పోసినోల్లు ఏడున్నా సల్లగుండాలె.

ఇట్లు,
చరిత్రను కాపాడుకునే
రేణుకమ్మ

తా.క. సాక్ష్యం అడుగుతరని మా అత్త నిన్న చిన్న దిబ్బ మీద శానసేపు వెతికింది. కుడికాలి రబ్బరు చెప్పు ఒకటి దొరికింది, ఈ ఉత్తరంతోనే పంపుతున్న. పెద్ద దిబ్బల దొరికిన ఎడమ చెప్పు మీ ఆఫీసులనే ఉంది, చీటీ మీద "వస్తువు నాలుగు" అని ఉంటది. రెండు పక్కపక్కన పెట్టి చూడుండ్రి మేడం. రెండు దిబ్బలు ఒకటే కాలానివని మీకే తెలుస్తది. చూసినంక జత మా అత్తకు పంపుండ్రి.